బెరిల్ పట్టిన బండి

టర్న్‌స్టోన్ మోటార్‌సైకిల్ క్లబ్బు పెద్దమనుషులారా, బతికున్న మనిషి పేరు తీసుకెళ్ళి మీరొక రోగానికి పెట్టారు. పెట్టి, దాని మీద ఇన్నేళ్ళు నవ్వుకున్నారు. ఆదివారం పొద్దున టీ తాగుతూ నవ్వారు, శుక్రవారం సాయంత్రం బీరు తాగుతూ నవ్వారు. ఆ మనిషి మీ పబ్బుకి కూతవేటు దూరంలో, కాలవ గట్టు మీది ఇంట్లో, ఇవాళ్టికీ తన బంగాళాదుంపలు తానే చెక్కు తీసుకుంటూ బతికే ఉందని మీలో ఎవరికీ తట్టలేదు. ఒకడికి తెలుసు. తెలిసినవాడు నోరు మెదపలేదు. ఈ వేసవిలో మా ఇంట్లో ఏం జరిగిందో చెప్తాను, వినండి. విన్నాక ఏం చెయ్యాలో కూడా చెప్తాను.

మా ఆయన లెన్ కిందటి శీతాకాలం పోయాడు. పోతూ షెడ్డులో ఒక టర్న్‌స్టోన్ బండి మిగిల్చాడు. ముక్కలుగా అట్టపెట్టెల్లో తెచ్చుకుని, ఏళ్ళ తరబడి ఒక్కొక్కటే బిగించి, తీరా పెట్రోలు పోసే సమయానికి గుండె ఆగింది. అమ్మెయ్యమన్నారు అందరూ. నేను అమ్మను. నాకు బండి నడపడం వచ్చు, లెన్ కంటే ముందే వచ్చు. సెప్టెంబరు ఆఖరి ఆదివారం టర్న్‌స్టోన్లు తయారైన పాత ఫ్యాక్టరీ గేటు ముందు ఆ బండ్లన్నీ వరసగా నిలబడి ఒక్కసారే కిక్ కొట్టుకుని బయల్దేరతాయి. ఆ వరసలో లెన్ బండి మీద నేనుండాలి. అంతే నా పంతం. అందుకని ఏప్రిల్లో క్లబ్బులో చేరాను, లెన్ ఇంటిపేరుతో, గ్లెనిస్ హ్యాడ్లీ అని.

క్లబ్బు నాకు సాయంగా నెవ్‌ని పంపింది. నెవ్ బస్సు డిపోలో ఫిట్టరుగా చేసి రిటైరైనవాడు. జేబులో ఎప్పుడూ పంది తోలు వేపుడు పొట్లం, నోట్లో ఎప్పుడూ ఏదో ఒక ఎకసెక్కం. మంచివాడు. ఆ సంగతి ముందే చెప్పాలి, ఎందుకంటే ఈ గొడవంతా మంచివాళ్ళ నోళ్ళ మీదుగానే నడిచింది.

నెవ్ వచ్చిన మొదటి పొద్దున పొగమంచు ఇంకా కాలవ మీదే ఉంది. బండిని పెరట్లోకి తోశాం. నేను కిక్ కొట్టాను. కిక్ రాడ్ కిందికి దిగింది. దిగినది దిగినట్టే ఉండిపోయింది. బూటు ముక్కుతో పైకి లేపాను. మళ్ళీ కొట్టాను. మళ్ళీ అదే. కుంటికాలు కిందికి వేలాడేసుకున్న గుర్రంలా నిలబడింది బండి.

నెవ్ పళ్ళికిలించాడు. "అయిపోయింది అమ్మాయ్. నీ బండికి బెరిల్ పట్టింది."

"ఏం పట్టింది?"

"బెరిల్. టర్న్‌స్టోన్లన్నిటికీ ఉన్న రోగమేలే, కంగారు పడకు. పొద్దున చలికి కిక్ రాడ్ దిగిందంటే ఇక లేవదు. బండి వేడెక్కాక దానంతటదే వదిలేస్తుంది. ఫ్యాక్టరీలో గేర్‌బాక్స్ బెంచీ మీద బెరిల్ అని ఒకత్తి ఉండేదట. కళ్ళు మగాళ్ళ మీద, చేతులు గేర్‌బాక్స్ మీద. షాఫ్టుకి పెట్టాల్సింది పెట్టకుండా, కబుర్లాడుకుంటూ మూతలు బిగించి పారేసిందట. ష్రూస్‌బరీ దగ్గర ఎవడో కుర్రాడు మలుపులో బండి వంచితే, కిందికి వేలాడుతున్న కిక్ రాడ్ రోడ్డుకి కొట్టుకుని వాడు గాల్లోకి లేచాడు. పాపం, కాలు తీసేశారు. దాన్ని గెంటేశారు. పేరు మాత్రం మనకి మిగిలింది."

వంటింటి కిటికీ తెరిచే ఉంది. లోపల రేడియోలో ఎవరో పాడుతున్నారు. పాట కింద కత్తి పీట మీద టక్ టక్‌మంటోంది. ఆ కత్తి పట్టుకున్నది మా అమ్మ. పేరు బెరిల్ ట్రాంటర్.

నాకు పదకొండేళ్ళప్పుడు, చలికాలంలో ఒకరోజు, అమ్మ మధ్యాహ్నమే ఇంటికొచ్చేసింది. చేతిసంచిలో ఆమె టీ కప్పు, ఫ్యాక్టరీలో వేసుకునే చెప్పులు. "ఏంటమ్మా అప్పుడే వచ్చేశావ్?" అంటే "అక్కడ పని అయిపోయింది" అంది. మరుసటి వారం నుంచి తెల్లవారకముందే లేచి పబ్బుల్లో నేల తుడవడానికి పోయేది. అంతకు మించి ఆ ఇంట్లో ఎప్పుడూ, ఎవరూ ఒక్క మాట అనలేదు.

యూనియన్ తరఫున గేట్ల ముందు మైకు లేకుండా వందల మందికి వినబడేలా అరిచినదాన్ని, ఆ పొద్దున నెవ్‌తో ఆమె మా అమ్మ అనలేకపోయాను. సిగ్గుతో కాదు, భయంతో. నిజంగానే మా అమ్మ చేసి ఉంటే? ఒక కుర్రాడి కాలు పోవడానికి మా అమ్మ చేతులే కారణమైతే? ఆమెను అడగలేను. అవునంటే ఆ తర్వాత ఆమె చేతి కూడు ఎలా తినను? అందుకని బండినే అడుగుదామనుకున్నాను. బండి మొహమాటపడదు.

ఆ రోజు నుంచి నేనూ నెవ్వూ ఆ గేర్‌బాక్స్ వెంట పడ్డాం.

మొదట క్లచ్. రాత్రంతా నిలబడ్డ బండికి క్లచ్ ప్లేట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. క్లచ్ నొక్కిపట్టి ఊరికే రెండు మూడు సార్లు కొట్టి వదిలిస్తే కిక్కు తేలికవుతుంది. తేలికైంది, కానీ పైకి లేవలేదు. తర్వాత గ్రీజు. చలికి బిగుసుకునే చిక్కటి గ్రీజు లెన్ పెట్టి ఉంటాడని నెవ్ అనుమానం. మూత విప్పి, కిరసనాయిలుతో కడిగి, పల్చటి నూనె వేశాం. ఎర్ర గమ్ము పూసి మూత బిగించాం. మర్నాడు పొద్దున మళ్ళీ అదే తంతు. తర్వాత స్ప్రింగు. కిక్ రాడ్‌ని వెనక్కి లాగే స్ప్రింగు సాగిపోయిందన్నాడు. కొత్తది వేశాం. కొత్తది కూడా ఓడిపోయింది. బుష్ అరిగి షాఫ్టు పక్కకి వాలిందేమోనని బుష్ మార్చాం. పళ్ళచక్రంలో మొదటి పన్ను మొద్దుబారి తట్టుకుంటోందేమోనని ఆకురాయితో సున్నితంగా అరగదీశాం. మే పోయింది, జూన్ సగం పోయింది. బండి మాత్రం పొద్దున చలికి బిగుసుకోవడం, మధ్యాహ్నానికి ఏమీ ఎరగనట్టు తిరగడం.

"ఇంక వదిలెయ్ పిల్లా" అన్నాడు నెవ్. "నాదీ అంతే. వేడినీళ్ళు ఒక కెటిల్ గేర్‌బాక్స్ మీద పోసి కొడతాను. అందరం అదే చేస్తాం."

"అందరూ వేడినీళ్ళు పోస్తూ కూర్చున్నారు, ఎందుకని ఒక్కడూ అడగలేదా?"

"అడగడానికేముంది? తెలిసిందేగా."

తెలిసిందే. ఈ మాట నా జీవితంలో ఎన్ని గేట్ల ముందు విన్నానో. తెలిసిందేగా అన్నవాడు ఇక చూడడు.

మూత బిగించేటప్పుడు ప్రతిసారీ నాకొకటే సందేహం. "నెవ్, ఇంజను మూత కింద కాగితం ప్యాకింగ్ ఉంది, క్లచ్ మూతకి ఉంది. దీనికెందుకు లేదు?"

"టర్న్‌స్టోన్ గేర్‌బాక్సుకి ప్యాకింగ్ ఉండదు. గమ్మే. ఫ్యాక్టరీలోనే అంత. క్లిఫ్ చెప్పాడు."

క్లిఫ్ చెప్పాడంటే క్లబ్బులో అది శాసనం. క్లిఫ్ ప్రాస్సర్ క్లబ్బుకి గౌరవాధ్యక్షుడు. ఫ్యాక్టరీ రోజుల్లో మగవాళ్ళ యూనియన్ నాయకుడు. నాకు అంతకంటే ఎక్కువే. పదిహేడేళ్ళప్పుడు నేను లాండ్రీలో చేరితే నా మొదటి యూనియన్ కార్డు మీద సంతకం పెట్టింది ఆయనే. అప్పటికి జిల్లా అంతటికీ ఆయనే పెద్ద. నా పేరడిగాడు. "గ్లెనిస్ ట్రాంటర్" అన్నాను. కలం ఒక్క క్షణం ఆగింది. తర్వాత సంతకం పడింది. గుంపు ముందు ఎలా నిలబడాలో, మేనేజరు కళ్ళలోకి ఎలా చూడాలో నేర్పింది ఆయనే. మా యూనియన్లో అందరూ అందరికీ బ్రదర్, సిస్టర్. బ్రదర్ క్లిఫ్ అంటే నాకు కన్నతండ్రి కంటే ఎక్కువ. కన్నతండ్రి మమ్మల్ని వదిలేసి పోయాడు, ఈయన పోలేదు.

జూన్ చివర్లో క్లబ్బు మీటింగుకి పబ్బు మేడ మీది గదికి పోయాను. మాంసం ఉండలు, ఉడికిన బఠాణీలు పెట్టారు. తింటుంటే నా ఎదురుగా గోడకున్న కొక్కెం మీద, ఫ్యాక్టరీలో బట్టల మీద తొడుక్కునే నీలం ఓవరాల్ ఒకటి కనిపించింది. ఆడవాళ్ళ కొలత.

"అదేంటి?"

కార్యదర్శి ట్రెవర్ ఉత్సాహంగా చెప్పాడు. "అది బెరిల్! సెప్టెంబరు రన్నుకి గేటు దగ్గర ఎవడి కిక్ రాడ్ ముందు ఇరుక్కుంటే వాడు అది తొడుక్కుని అందరికీ టీ పొయ్యాలి. కిందటేడు నేనే. నడుం దగ్గర పట్టక చచ్చాను."

బల్ల చుట్టూ నవ్వులు. "నీ నడుం ఏ ఓవరాల్లో పడుతుందిరా ట్రెవ్?" అన్నాడొకడు. "బెరిల్ కంటే నువ్వే బావున్నావు, కొంచెం లిప్‌స్టిక్ ఉంటే" అన్నాడు ఇంకొకడు.

లేచి దగ్గరికి పోయి చూశాను. జేబు మీద పసుపు దారంతో బెరిల్ అని పేరు, గొలుసుకుట్టు. చివరి అక్షరానికి వంపు తిరిగిన తోక. నా స్కూలు సంచి మీద, నా ఊలు టోపీ లోపల, మా ఇంట్లో ప్రతి తువ్వాలు మూలా అమ్మ కుట్టిన తోక అది. బఠాణీలు అక్కడే వదిలేశాను.

"ఇది మీకెక్కడిది?"

"క్లబ్బు పెట్టిన కొత్తలో క్లిఫ్ తెచ్చి ఇచ్చాడు" అన్నాడు ట్రెవర్.

ఇంటికొచ్చి అమ్మ మొహంలోకి చూడలేకపోయాను. ఆమె మాత్రం "మీ మీటింగులో ఏం పెట్టారే?" అనడిగింది. చెప్పాను. "బఠాణీలు సరిగ్గా ఉడికాయా?" అంది. అంతే.

జూలైలో వర్షాలు. పెందలాడే లేవడం అలవాటైపోయి ఒక్కదాన్నే షెడ్డులోకి పోయేదాన్ని. ఆ రోజు కూడా కిక్ రాడ్ కిందికి దిగి ఊరుకుంది. చిరాకొచ్చి మళ్ళీ మూత విప్పుదామని స్క్రూలు తిప్పడం మొదలుపెట్టాను. ఒక్కోటీ అరచుట్టు వదులు చేశానో లేదో, కిక్ రాడ్ దానంతటదే లేచి నిలబడింది. ఎవరో పిలిస్తే పలికినట్టు.

మళ్ళీ స్క్రూలు బిగించాను. నొక్కాను. ఇరుక్కుంది. వదులు చేశాను. లేచింది. చిన్నపిల్లలా అదే ఆట ఎన్నిసార్లు ఆడానో. షాఫ్టు అటు లోపలి గోడకీ ఇటు మూతకీ మధ్య కాస్త ఆడాలి, వెంట్రుక మందం చాలు. మూత బిగిస్తే ఆ వెంట్రుక మందం లేదు. మూత షాఫ్టుని గొంతు పట్టుకున్నట్టు పట్టుకుంటోంది. ఇంజను వేడికి అల్యూమినియం సాగితే పట్టు వదిలేస్తోంది. స్ప్రింగు కాదు, గ్రీజు కాదు, బుష్ కాదు. అక్కడ ఏదో ఉండాలి, లేదు. గమ్ము దాని చోటుని నింపలేదు.

లోపలికి పోయి కార్న్‌ఫ్లేక్స్ డబ్బా ఖాళీ చేసి, అట్టని తీసుకొచ్చాను. మూత అంచు మీద పరిచి, చిన్న సుత్తితో అంచు వెంబడి కొడుతూ పోతే లోహమే అట్టని కోసేస్తుంది. ఇది ఈ ఊళ్ళో ప్రతి షెడ్డులోనూ చేసే పనే. స్క్రూ బొక్కలు పడ్డాయి, ఆకారం వచ్చింది. దాన్ని వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూస్తున్నాను. వెనక నుంచి మాట.

"నీలం కాగితం దొరకలేదా?"

అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది, రెండు టీ కప్పులు పట్టుకుని. లెన్ ఉన్నన్నాళ్ళూ ఆమె ఆ షెడ్డు గడప తొక్కలేదు. పెట్రోలు వాసన పడదనేది.

"ఏ నీలం కాగితం అమ్మా?"

"దానికి పెట్టేది. కట్టలు కట్టలుగా వచ్చేది. మేం దులిపి, ఒకటి తీసి, అంటించి, మూత వేసేవాళ్ళం." కప్పులు బల్ల మీద పెట్టింది. "ఆ చలికాలం రావడం ఆగిపోయింది. గమ్ము పూసి బిగించండి, పని త్వరగా అవుతుంది, షిఫ్టుకి ఇంకో నాలుగు బాక్సులు ఎక్కువొస్తాయి అన్నారు. మేం బిగిస్తున్నప్పుడే తెలిసేది. చేత్తో తిప్పితే పట్టేసేది. ఫోర్‌మన్‌తో చెప్పాం. టెస్టింగులో బాగానే తిరుగుతున్నాయి కదా, మీకేం తెలుసు పొండి అన్నాడు. టెస్టింగ్ వాళ్ళు వేడెక్కించి చూస్తారు. వేడికి తిరగదా మరి?"

"ఇంకెవరికీ చెప్పలేదా?"

"క్లిఫ్‌తో చెప్పా." టీ ఒక గుక్క తాగింది. "మగాళ్ళ కూలి రేటు మాట్లాడుతున్నాం బెరిల్, ఈ ఒక్క నెల ఊరుకో, మీ సంగతి తర్వాత చూద్దాం అన్నాడు. ఊరుకున్నాం. తర్వాత ఆ కుర్రాడు పడ్డాడు. కంపెనీకి ఒక పేరు కావాలి కదా. ఆ బాక్సు నా బెంచీ మీద కట్టిందని తేల్చారు. మేనేజరు గదిలోకి పిలిచారు. క్లిఫ్ కూడా ఉన్నాడు, యూనియన్ తరఫున. ఇప్పుడు చెప్తాడు, ఇప్పుడు చెప్తాడు అని చూశాను. వాడు తన టోపీ లోపలి అంచుని వేళ్ళతో తడుముకుంటూ కూర్చున్నాడు."

షెడ్డు రేకు మీద వాన. నాకు గుర్తొచ్చింది, కార్డు మీద ఆగిన కలం.

"నాకెందుకు చెప్పలేదే అమ్మా? ఇన్నేళ్ళు ఆయన్ని నెత్తిన పెట్టుకున్నాను. మన ఇంటికి తీసుకొచ్చాను. నువ్వు కేకు కోసి పెట్టావు వాడికి!"

"నువ్వు నిలబడి మాట్లాడటం నేర్చుకుంటున్నావు" అంది అమ్మ. "నేర్పేవాడు వాడొక్కడే ఉన్నాడు. నేనేం చెయ్యను, చెడగొట్టనా?"

ఆమె బల్ల మీది అట్టముక్క తీసుకుని, అంచు మీద మిగిలిన పీచుని గోటితో తీసేసింది.

"నాకు పని పోయినందుకు కాదే. పబ్బుల్లో నేల తుడిచాను, తినలేదా? ఆ కుర్రాడికి నేనే చేశానని చెప్పి ఉంటారు కదా. వాడు పొద్దున లేచి ఒక్క కాలికే చెప్పు వేసుకున్నప్పుడల్లా నన్ను తిట్టుకుని ఉంటాడు. ఏ ఊరో తెలుసు. బస్సు కూడా ఉంది. పోయి ఏం చెప్పను? నేను కాదు బాబూ అంటే నమ్ముతాడా? ఎవరైనా నాతో వచ్చి చెప్తే కదా."

అట్టముక్క నా చేతిలో పెట్టి లోపలికి పోయింది. దాన్ని పెట్టి, మూత బిగించి, కిక్ కొట్టాను. రాడ్ దిగింది, లేచింది. దిగింది, లేచింది. ఆ చలి పొద్దున నాలుగో కిక్కుకి లెన్ బండి అంటుకుంది. నేను గెలిచినట్టు అనిపించాలి కదా, అనిపించలేదు. సీటు మీద కూర్చుని, ఇంజను వణుకు ఎముకల్లోకి ఎక్కుతుంటే, నాకు నేర్పిన మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకున్నాను. ఒక్కరికి దెబ్బ తగిలితే అందరికీ తగిలినట్టే అనేవాడు. బాగా అనేవాడు. గుంపు కళ్ళు చెమర్చేవి. ఆ మాట అంటున్నప్పుడల్లా వాడికి ఎవరు గుర్తొచ్చేవారు? ఎవరూ గుర్తొచ్చేవారు కాదేమో. అదే నిజమైతే ఇంకా ఘోరం. గుర్తొచ్చి ఉంటే మరి ఆ ఓవరాల్ ఎలా తెచ్చి ఇచ్చాడు? దీనికి నాకు ఇప్పటికీ జవాబు దొరకలేదు. వెతుకుతూనే ఉన్నాను. వాడు నాకు నేర్పినవేవీ అబద్ధాలు కావు, అదే నా బాధ.

ఆగస్టంతా అమ్మ షెడ్డులో కుర్చీ వేసుకుని కూర్చుంది. పెట్రోలు వాసన సంగతి ఎత్తలేదు. సెప్టెంబరు ఆఖరి శనివారం "రేపు నన్నూ తీసుకెళ్ళు" అంది.

"ఎక్కడికి?"

"గేటుకి."

"అమ్మా, అక్కడ వాళ్ళు ఒక ఓవరాల్..."

"తెలుసు. పెరట్లో మీరు మాట్లాడుకునేవన్నీ వింటూనే ఉన్నాను, ఆ కిటికీ నేను ఎప్పుడూ మూయను" అంది.

ఫ్యాక్టరీ లేదిప్పుడు. తివాచీలు అమ్మే గోడౌనయింది. గేటు మాత్రం మిగిలింది. ఆదివారం పొద్దున చలి గట్టిగానే ఉంది, నోటి వెంట ఆవిర్లు. బండ్లు వరసగా నిలబెట్టారు. గేటు పక్కన మడత కుర్చీలో, ఒళ్ళో దుప్పటితో, క్లిఫ్. ఆయన ఏడాదికి ఈ ఒక్కరోజే వస్తాడు. నన్ను చూసి చెయ్యి ఊపాడు. అమ్మ ఇంకా టాక్సీలోంచి దిగలేదు.

ట్రెవర్ విజిలేశాడు. అందరం కిక్ కొట్టాం. నాది రెండో కిక్కుకే అంటుకుంది. రాడ్ ఠక్కున లేచింది. అటు పక్క నుంచి గోల. "నెవ్‌కి పట్టింది! నెవ్‌కి బెరిల్ పట్టింది!" నెవ్ కెటిల్ నీళ్ళు మర్చిపోయాడట. నవ్వుతూ చేతులెత్తేశాడు. ఓవరాల్ తొడిగారు. వాడు నడుం తిప్పుకుంటూ, పెదాలు సున్నా చుట్టి, టీ డబ్బా దగ్గరికి నడుస్తుంటే అందరూ ఈలలు.

అమ్మ టాక్సీ దిగి, కర్ర ఆనించుకుంటూ, నేరుగా వాడి ముందుకి పోయింది. వాడు నవ్వుతూ కప్పు అందించాడు. "చక్కెర ఎంత వెయ్యమంటారు అక్కా?"

"చక్కెర వద్దు. ఆ జేబు మీది కుట్టు నాది. విప్పు నాయనా."

నెవ్ జేబు వైపు చూసుకున్నాడు. ఆమె మొహం చూశాడు. నా వైపు చూశాడు. నేను ఇంజను ఆపేశాను. ఒక్కొక్కటే మిగతావీ ఆగిపోయాయి. వాడికి బొత్తాలు విప్పడానికి చాలాసేపు పట్టింది. అమ్మ ఓవరాల్ అందుకుని, దులిపి, చేతులు లోపలికి మడిచి, కూరగాయల సంచిలో పెట్టుకుంది.

తర్వాత క్లిఫ్ దగ్గరికి పోయింది.

"క్లిఫ్. కాగితం ఉండేదా, లేదా?"

"చాలా కాలమైంది బెరిల్."

"నేనడిగింది కాలం సంగతి కాదు."

క్లిఫ్ దుప్పటి అంచుని వేళ్ళతో తడుముతున్నాడు. "మూడొందల మంది మగాళ్ళు, బెరిల్. పిల్లలున్న వాళ్ళు. ఆ నెలలో గొడవ పెట్టుకుంటే రేటు పోయేది. నా చోట నువ్వే ఉంటే ఏం చేసేదానివి?"

"ఆ గదిలో నేనే ఉన్నాను కదా" అంది అమ్మ.

ఆయన నా వైపు తిరిగాడు. "గ్లెన్, నువ్వైనా చెప్పు. నీకు తెలుసుగా ఇవన్నీ ఎలా ఉంటాయో."

తెలుసు. బేరం అంటే ఏమిటో, ఏది పట్టుకోవాలో, ఏది వదులుకోవాలో నాకు నేర్పింది ఆయనే. నేనూ వదులుకున్నాను కొన్ని. కానీ వదులుకున్నదానికి మనిషి పేరు పెట్టి గోడకి తగిలించలేదు. అదే అన్నాను, "బ్రదర్" అని కూడా కలిపి. గొంతు ఎత్తలేదు. ఆయన అల్లుడు వచ్చి కారు తలుపు తెరిచాడు. అమ్మ బల్ల దగ్గరికి పోయి, నెవ్ పోసిన టీ తాగి, "చల్లారిపోయింది" అంది.

ఆ రోజు రన్నుకి ఎవరూ పోలేదు.

అక్టోబరులో నా షెడ్డుకి రాకపోకలు మొదలయ్యాయి. ముందు నెవ్ వచ్చాడు. టోపీ తీసి అమ్మ ముందు నిలబడి, అనాల్సింది అన్నాడు. వాడికో దండం. తర్వాత ఒక్కొక్కరే. ఎవడూ ఏమీ అనడు. వాతావరణం గురించి మాట్లాడతాడు, లెన్ బండి బాగుందంటాడు, చివరికి గొంతు సవరించుకుని "ఆ అట్టముక్క కొలత ఒకసారి ఇస్తావా?" అంటాడు. ఇచ్చాను. పెట్టుకున్నారు. వాళ్ళ బండ్లన్నీ చలికి లేస్తున్నాయి ఇప్పుడు. కాగితం కావాలి, మాట మాత్రం వద్దు. ట్రెవర్ మొన్న వచ్చి చెప్పాడు, కమిటీ మాట్లాడుకుందట. క్లిఫ్ ఆరోగ్యం బాగాలేదట. ఆ పేరు ఇకమీదట ఎవరూ వాడరట, మెల్లిగా దానంతటదే పోతుందట. ఎందుకింక కెలకడం అన్నాడు.

దానంతటదే పోదు ట్రెవర్. మీరంతా మానేస్తే మాత్రం ఏమైంది? ష్రూస్‌బరీలో ఒక్క కాలితో ఉన్న మనిషికి ఎవరు చెప్పారు మీరు మానేశారని? ఆయన ఇవాళ పొద్దున కూడా మా అమ్మనే తిట్టుకుని ఉంటాడు. క్లిఫ్‌కి ఒంట్లో బాగాలేదా? మా అమ్మకీ లేదు. ముసలాయన మీద జాలి చూపించే ముందు, ముసలావిడ ఇంకా ఉందని గుర్తుంచుకోండి.

నవంబరులో మీ వార్షిక సమావేశం, పబ్బు మేడ మీద. ఆ రోజు క్లిఫ్ ప్రాస్సర్ రావాలి, మోసుకొచ్చినా సరే. కాగితం ఉండేదని, అది ఆగిపోయిందని తనకి తెలుసని, ఆ గదిలో నోరు విప్పలేదని తన నోటితో చెప్పాలి. గేర్‌బాక్సుకి కాగితం పెట్టాలని ఏ బెంచీ మీది ఆడవాళ్ళు ముందే చెప్పారో, వాళ్ళ పేర్లతో సహా క్లబ్బు పుస్తకంలో అచ్చు వెయ్యండి. ఆ ష్రూస్‌బరీ మనిషిని వెతకండి. బతికుంటే, మీలో ఇద్దరు మా అమ్మని కారులో కూర్చోబెట్టుకుని ఆయన ఇంటికి తీసుకెళ్ళండి, తలుపు మీరు కొట్టండి, ముందు మీరు మాట్లాడండి. బతికి లేకపోతే ఆయన పిల్లలతో మాట్లాడండి.

క్లిఫ్ నిలబడలేకపోతే కూర్చునే చెప్పనివ్వండి. గట్టిగా మాత్రం చెప్పాలి. ఆ ఫ్యాక్టరీ చప్పుడుకి మా అమ్మ ఎడమ చెవి పోయింది. ఆమెకి ముందు వరసలో, కుడిచెవి ఆయన వైపు ఉండేలా, కుర్చీ వెయ్యండి.